ప్లెయిన్ మెషిన్ మీద లాకోస్ట్: సూది ఎత్తును అదుపు చేయడం ఎలా

పోలో టీషర్టు గుడ్డను (దీన్నే లాకోస్ట్ అంటారు) వెలుతురుకు పట్టి చూస్తే తేనెపట్టులాంటి చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి. మామూలు బనియన్ గుడ్డ, అంటే ప్లెయిన్, నునుపుగా ఉంటుంది. ఈ రెండూ ఒకే సర్క్యులర్ మెషిన్ మీద, ఒకే నూలుతో, అవే సూదులతో అల్లవచ్చు. తేడా ఒక్కచోటే ఉంది. లాకోస్ట్‌లో కొన్ని ఫీడర్ల (సూదులకు నూలు అందించే చోట్ల) దగ్గర సగం సూదులు పూర్తి ఎత్తుకు లేవవు. ఆ సూదుల్ని ఎక్కడ, ఎంతవరకు లేపాలో నిర్ణయించి, అది తప్పకుండా జరిగేలా చూడటమే ఫిట్టర్ పని.

ఇక్కడ ఉదాహరణకు తీసుకున్నది తిరుప్పూరులో ఏ షెడ్డుకు వెళ్లినా కనిపించే రకం మెషిన్: సింగిల్ జెర్సీ, 30 అంగుళాల వ్యాసం, 24 గేజ్ (అంగుళానికి 24 సూదులు), 90 ఫీడర్లు, నాలుగు కామ్ ట్రాకులు (సూదుల్ని లేపి దించే కామ్ ముక్కలతో ఏర్పడిన దారులు). దాన్ని ప్లెయిన్ నుంచి సింగిల్ లాకోస్ట్‌కు మారుద్దాం. నూలు 30 కౌంట్ కాటన్ (కౌంట్ అంటే నూలు సన్నదనం కొలత).

సూదికి తెలిసినవి మూడే ఎత్తులు

లాచ్ సూదికి పైన కొక్కెం, దాని కింద మడత పడే లాచ్, ఆ కింద కాండం, పక్కకు పొడుచుకొచ్చిన బట్ ఉంటాయి. సిలిండర్ తిరుగుతూ ఉంటే బట్ కామ్ ట్రాకులో పరుగెడుతుంది. ట్రాకు లేస్తే సూది లేస్తుంది, దిగితే దిగుతుంది. లాచ్‌ను తెరిచేది, మూసేది కామ్ కాదు, సూది మీదున్న పాత లూపే. సూది లేస్తుంటే కొక్కెంలోని లూపు లాచ్‌ను కిందికి తెరుస్తుంది. దిగుతుంటే అదే లూపు లాచ్‌ను పైకి మూసి, సూది తల మీదుగా జారిపోతుంది. పాత గడ్డం సూదికి కొక్కెం మూయడానికి విడిగా ఒక ప్రెస్సర్ పట్టీ కావాలి. లాచ్ సూదికి అక్కర్లేదు. కాబట్టి ఎత్తు మన చేతిలో ఉంటే చాలు, అల్లిక మన చేతిలో ఉన్నట్టే.

నిట్ ఎత్తులో పాత లూపు తెరిచిన లాచ్ కొసను దాటి కాండం మీదికి దిగుతుంది. సూది కొత్త నూలు అందుకుని దిగగానే పాత లూపు రాలి, కొత్త లూపు దాని గుండా వస్తుంది. టక్ ఎత్తులో లాచ్ తెరుచుకుంటుంది గాని, పాత లూపు దాని మీదే కూర్చుని ఉంటుంది, కొస దాటదు. కొక్కెంలోకి కొత్త నూలు వస్తుంది, సూది దిగినప్పుడు పాత లూపూ కొత్త నూలూ రెండూ కొక్కెంలోనే ఉండిపోతాయి. మిస్ ఎత్తులో సూది అసలు లేవదు. పాత లూపును పట్టుకునే ముందుకు సాగిపోతుంది, నూలు దాని వెనకగా తేలుతుంది.

ఈ మూడింటిలో గట్టిగా పట్టించుకోవాల్సింది టక్. నిట్ కామ్ కాస్త అరిగినా లూపు లాచ్ దాటితే పని జరిగిపోతుంది. మిస్ కామ్ బల్లపరుపుగా ఉంటుంది, అందులో తప్పడానికి పెద్దగా ఏమీ లేదు. టక్ అలా కాదు, ఇటు కొంచెం ఎక్కువైతే నిట్ అవుతుంది, అటు కొంచెం తక్కువైతే నూలు అందక మిస్ అవుతుంది. రెండు హద్దుల మధ్య ఇరుకైన చోట నిలబడాలి.

సూదుల మధ్య ఉండి గుడ్డను పట్టి ఉంచే పలచని రేకులైన సింకర్ల పాత్ర ఇందులో తక్కువేమీ కాదు. సూది లేచేటప్పుడు సింకర్ ముందుకొచ్చి దాని గొంతుతో గుడ్డను అదిమి పట్టకపోతే, గుడ్డ సూదితోపాటే పైకి వస్తుంది. అప్పుడు సూది ఎంత లేచినా లూపు లాచ్ దాటదు. నిట్ కామ్ ఉన్నచోట టక్ పడుతున్నదంటే కామ్ విప్పే ముందు సింకర్ క్యాప్ అమరికను, టేక్‌డౌన్ (అల్లిన గుడ్డను కిందికి లాగే భాగం) లాగుడును చూడండి.

చార్టు ముందు, స్పానర్ తర్వాత

సింగిల్ లాకోస్ట్ రిపీట్ (మళ్లీ మళ్లీ వచ్చే అల్లిక నమూనా) నాలుగు ఫీడర్లది. సూదుల్ని ఒకటి విడిచి ఒకటి అ, ఆ అనే రెండు జట్లు అనుకోండి.

1వ ఫీడర్: అ నిట్, ఆ నిట్
2వ ఫీడర్: అ నిట్, ఆ టక్
3వ ఫీడర్: అ నిట్, ఆ నిట్
4వ ఫీడర్: అ టక్, ఆ నిట్

2వ ఫీడర్ దగ్గర ‘ఆ’ జట్టు సూది టక్ నూలు పట్టుకుంటుంది, 3వ ఫీడర్ దగ్గర పాత లూపును, టక్‌ను కలిపి వదిలేస్తుంది. 4వ ఫీడర్‌లో ‘అ’ జట్టు వంతు. ఏ సూది మీదా ఒకటికి మించి టక్ పోగవదు కాబట్టి సూదికి భారం తక్కువ. డబుల్ లాకోస్ట్‌లో ఇదే పద్ధతిలో వరసగా రెండేసి టక్‌లు పడతాయి, రిపీట్ ఆరు ఫీడర్లకు వెళ్తుంది.

ఇప్పుడు సూదుల సంగతి. 30 అంగుళాలు, 24 గేజ్ అంటే చుట్టుకొలత లెక్కన సుమారు 2262 సూదులు. తయారీదారులు రిపీట్లకు చక్కగా భాగించబడే సంఖ్యను వాడతారు. మన మెషిన్‌లో 2256 అనుకుందాం. నాలుగు ట్రాకుల మెషిన్‌లో బట్ ఎత్తును బట్టి సూదులు నాలుగు రకాలు, సాధారణంగా 1, 2, 3, 4 వరసలో నింపి ఉంటాయి. లాకోస్ట్‌కు రెండు రకాలు చాలు కదా అని 3, 4 రకాలు పీకి 1, 2 వేయాలని కొందరు కూర్చుంటారు. వెయ్యికి పైగా సూదులు మార్చడం ఒక పూట పని, పైగా అనవసరం. 1, 3 ట్రాకులకు ఒకే కామ్‌లు, 2, 4 ట్రాకులకు ఒకే కామ్‌లు పెడితే అవే అ, ఆ జట్లు అవుతాయి. 2256ను 4తో భాగిస్తే 564, శేషం లేదు. వరస మొదలూ చివరా కలిసే చోట జట్టు తప్పదు.

శేషం మిగిలేది ఫీడర్లలో. 90ని 4తో భాగిస్తే 22 రిపీట్లు పోగా 2 మిగులుతాయి. వాటినీ నడిపిస్తే ప్రతి చుట్టుకూ ఒకచోట రిపీట్ తెగి, గుడ్డంతా అడ్డ చార పడుతుంది. అందుకని 88 ఫీడర్లే నడపాలి. 89, 90 ఫీడర్లను ఖాళీ చేయాలి. డబుల్ లాకోస్ట్‌కు ఈ ఇబ్బంది లేదు, 90ని 6 నిండుగా భాగిస్తుంది.

కామ్‌ల లెక్క రాసుకుని స్టోరు నుంచి తెచ్చుకోండి. ఒక రిపీట్‌లో 16 కామ్‌లు, అందులో 12 నిట్, 4 టక్. 22 రిపీట్లకు 264 నిట్, 88 టక్. ఖాళీ ఫీడర్లు రెండింటికీ నాలుగేసి చొప్పున 8 మిస్. మొత్తం 360. పని అయ్యాక బల్ల మీద ఒక్క టక్ కామ్ మిగిలినా ఎక్కడో దాని బదులు నిట్ కూర్చుంది అని అర్థం. మెషిన్ నడిపి గుడ్డలో వెతకడం కన్నా ఈ లెక్క చాలా చవక.

చార్టు రాసేటప్పుడు ఇంకో మాట. ట్రాకుల సంఖ్య పై నుంచా, కింది నుంచా అన్నది మెషిన్‌ను బట్టి మారుతుంది, మెషిన్ పుస్తకం చూసి గుర్తు పెట్టుకోండి. ఫీడర్ల వరస సూది ఏది ముందు కలుస్తుందో ఆ క్రమంలో ఉండాలి. లాకోస్ట్‌ను తిరగేసి వేసినా అదే గుడ్డ వస్తుంది కాబట్టి తప్పు బయటపడదు. ట్విల్‌లో (ఏటవాలు గీతల అల్లికలో) మాత్రం గీత ఎదురు దిక్కుకు వాలిపోతుంది.

కామ్‌లు మార్చడం

మెయిన్ స్విచ్ ఆపి తాళం వేయండి. గుడ్డను తెంపకండి, సూదుల మీద లూపులు ఉండనివ్వండి. లూపు లేని సూదికి లాచ్ తెరిచేవాళ్లు ఉండరు. గుడ్డ రాలిపోతే మళ్లీ ఎక్కించడానికి లాచ్‌లన్నీ బ్రష్‌తో తెరవాలి.

ఒకసారి ఒక్క కామ్ బాక్సే విప్పండి. గాలితో కాకుండా బ్రష్‌తో, గుడ్డతో పీచు తీసేయండి. గాలి కొడితే ఆ దుమ్మే పక్క ట్రాకుల్లోకి పోతుంది. నిట్ కామ్ తీసి టక్ కామ్ పెట్టే ముందు దాని పని చేసే అంచు మీద వేలిగోరు నడపండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ కామ్ పక్కన పెట్టేయండి. ఆ చిన్న గాడి నిమిషానికి వేల బట్‌లను కొడుతుంది. కామ్ అడుగున నూలు పోగు ఇరుక్కున్నా కామ్ ఎత్తుగా కూర్చుంటుంది, సూదికీ దానికీ మధ్య సందు పోతుంది. సిలిండర్‌కు, కామ్ ముఖానికి మధ్య సందు సాధారణంగా 0.15 నుంచి 0.25 మి.మీ. మీ మెషిన్ పుస్తకంలో ఇచ్చిన అంకె వేరైతే దానిదే చివరి మాట. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకు) పెట్టి చూసి స్క్రూలు బిగించండి, తర్వాతే పక్క బాక్సుకు వెళ్లండి. బాక్సు విప్పి ఉండగా సిలిండర్‌ను అంగుళం కూడా తిప్పకూడదు. దారి లేని బట్‌లు పక్క బాక్సు అంచుకు కొట్టుకుని వరసగా విరుగుతాయి.

89, 90 ఫీడర్లలో నాలుగు ట్రాకుల్లోనూ మిస్ కామ్‌లు పెట్టాకే వాటి నూలు తెంపండి. ఈ క్రమం తారుమారు కాకూడదు. నిట్ కామ్ ఉండి నూలు లేకపోతే సూదులన్నీ పాత లూపు వదిలేసి ఖాళీగా దిగుతాయి. ఒక్క చుట్టు పూర్తయ్యేలోపు మొత్తం గుడ్డ కిందపడుతుంది. ఆ రెండు ఫీడర్ల స్టిచ్ కామ్‌ను (సూదిని కిందికి దింపే కామ్) కూడా కొంచెం పైకి తీసి ఉంచండి, లేకపోతే కొక్కెంలో ఉన్న లూపును ఊరికే కిందికి లాగి సాగదీస్తుంది. వాటి ఫీడ్ చక్రం (నూలును కొలిచి అందించే చక్రం) క్లచ్‌ను న్యూట్రల్‌లో పెట్టండి, స్టాప్ మోషన్‌ను (నూలు తెగితే మెషిన్ ఆపే పరికరం) పక్కకు తప్పించండి.

చేత్తో తిప్పి చూడటం

మోటారు పెట్టే ముందు హ్యాండిల్‌తో ఒక పూర్తి చుట్టు, నడిచే దిక్కుకే తిప్పండి. వెనక్కి తిప్పితే సూదులు ఎదురు క్రమంలో లేచి దిగుతాయి, తెరిచి ఉండాల్సిన చోట లాచ్‌లు మూసుకుని, ఫీడర్ ముక్కుకు తగిలి విరుగుతాయి. చేతికి బరువు ఒకేలా ఉండాలి. ఎక్కడైనా బిగిసినట్టు అనిపిస్తే బలం వాడకండి, అక్కడి ఫీడర్ విప్పి చూడండి.

రెండో చుట్టులో టార్చి పట్టుకుని ప్రతి టక్ ఫీడర్ దగ్గర ఆగండి. సూదులు ఒకటి ఎత్తుగా, ఒకటి పొట్టిగా పళ్ల వరసలా కనిపించాలి. పొట్టి సూదిని దాని శిఖరం దగ్గర చూడండి. లాచ్ పూర్తిగా తెరుచుకుని ఉండాలి, పాత లూపు లాచ్ మీదే ఉండాలి. లూపు లాచ్ కొస దగ్గర ఊగుతూ ఉంటే నెమ్మది వేగంలో టక్ పడుతుంది, వేగం పెంచాక అక్కడక్కడ నిట్ అవుతుంది. గుడ్డలో అక్కడొక గడి, ఇక్కడొక గడి మూసుకుపోయినట్టు ఉంటుంది. ఇది రాత్రి షిఫ్టులో బయటపడి అందరినీ తిప్పలు పెట్టే లోపం. ఇప్పుడే పట్టుకోవచ్చు.

నూలు ఎంత, స్టిచ్ కామ్ ఎంత

లూపు పొడవును స్టిచ్ కామ్ నిర్ణయిస్తుందని చాలామంది అనుకుంటారు. పాజిటివ్ ఫీడ్ (బెల్టుతో తిరిగే చక్రాలు నూలును కొలిచి ఇచ్చే ఏర్పాటు) ఉన్న మెషిన్‌లో అది నిజం కాదు. చుట్టుకు ఎంత నూలు ఇవ్వాలో ఫీడ్ బెల్టు ముందే తేల్చేస్తుంది. స్టిచ్ కామ్ ఎక్కువ దింపితే సూది తనకు కావాల్సిన అదనపు నూలును అప్పుడే పూర్తయిన పక్క లూపు నుంచి లాక్కుంటుంది. లూపు పొడవు పెరగదు, నూలు బిగువు పెరుగుతుంది. అందుకని ముందు బెల్టు, తర్వాత స్టిచ్ కామ్.

30 కౌంట్‌తో ప్లెయిన్‌కు లూపు పొడవు 2.75 మి.మీ. అనుకుంటే, 2256 సూదులకు ఒక్కో ఫీడర్ చుట్టుకు 6.2 మీటర్ల నూలు తినాలి. టక్ పడిన వరసకు అంత అక్కర్లేదు. టక్‌లో నూలు పాత లూపు గుండా రాదు, కొక్కెంలో వంపు తిరిగి ఉంటుందంతే. ఒకే బెల్టు మీద అన్నీ పెడితే నిట్ ఫీడర్లలో బిగువు, టక్ ఫీడర్లలో వదులు వస్తుంది. అందుకే 1, 3 ఫీడర్ల చక్రాలను ఒక బెల్టుకు, 2, 4 ఫీడర్ల చక్రాలను రెండో బెల్టుకు క్లచ్ మార్చండి.

నమూనా గుడ్డ ఉంటే అందులో 100 నిలువు వరసలు లెక్కపెట్టి కత్తిరించి, నిట్ వరస నూలు ఒకటి, టక్ వరస నూలు ఒకటి విడిగా లాగి, వంకర పోయేంత మాత్రమే సాగదీసి కొలవండి. ప్లెయిన్ లెక్కలో 2.75 మి.మీ. అంటే 100 లూపులకు 27.5 సెం.మీ. ఐదారు పోగులు కొలిచి సగటు తీయండి. ఆ పొడవుకు పుల్లీలు అమర్చండి. నమూనా లేకపోతే రెండు బెల్టుల్నీ ఒకే పొడవుతో మొదలుపెట్టి, టక్ ఫీడర్లలో వదులు పోయేదాకా రెండో బెల్టును తగ్గిస్తూ రండి.

బెల్టులు కుదిరాక టెన్షన్ మీటరుతో 88 ఫీడర్లూ ఒక్కొక్కటిగా చూడండి. ఫీడ్ చక్రానికీ ఫీడర్‌కూ మధ్య 3 నుంచి 4 సెంటీన్యూటన్లు, అంటే సుమారు 3–4 గ్రాములు ఉండాలి. ఎక్కువుంటే ఆ ఫీడర్ స్టిచ్ కామ్‌ను ఒక గీత పైకి, తక్కువుంటే ఒక గీత కిందికి. ఒకసారికి ఒక గీత చాలు. మార్చాక మెషిన్‌ను నాలుగైదు చుట్లు నడిపి మళ్లీ చూడండి. స్టిచ్ కామ్ మీది అంకెలన్నీ ఒకేలా ఉండాలన్న నియమం లేదు. కామ్‌ల అరుగుదల ఒకేలా ఉండదు. సమానంగా ఉండాల్సింది బిగువు.

టక్ పడితే గుడ్డ వెడల్పు పెరుగుతుంది, పొడవు తగ్గుతుంది. ప్లెయిన్‌కు పెట్టిన స్ప్రెడర్ (గొట్టంలా వచ్చే గుడ్డను వెడల్పుగా పరిచి ఉంచే చట్రం) చాలదు, వెడల్పు చేయండి. టేక్‌డౌన్ లాగుడు తగ్గించండి. ఎక్కువ లాగితే టక్ ఎత్తులో ఉన్న సూది నుంచి పాత లూపు లాచ్ దాటి జారిపోయే ప్రమాదం ఉంది.

నిమిషానికి 10–12 చుట్లతో మొదలుపెట్టి, గుడ్డ చూసుకుంటూ 20కి, ఆపైకి వెళ్లండి. నిమిషానికి 25 చుట్ల దగ్గర సూది సెకనుకు దాదాపు ఒక మీటరు వేగంతో పోతూ, 88 ఫీడర్ల లెక్కన నిమిషానికి 2200 సార్లు లేచి దిగుతుంది. ప్లెయిన్‌లో నడిచిన వేగమే లాకోస్ట్‌లోనూ నడవాలని పట్టుపట్టకండి.

గుడ్డ చెప్పే లోపాలు

నిలువు చార అంటే సూది లేదా సింకర్. ఒక నిలువు వరసలోని లూపులే వంకరగా, పెద్దగా ఉంటే సూది. లూపులు బాగానే ఉండి రెండు వరసల మధ్య సందు ఎక్కువగా కనిపిస్తే సింకర్. చార దొరికిన చోట గుడ్డ నుంచి పైకి గుర్తు పెట్టుకుంటూ సిలిండర్ దాకా వెళ్తే సరైన సూది దొరుకుతుంది.

అడ్డ చార అంటే ఫీడర్. చార ప్రతి 88 వరసలకు ఒకసారి వస్తే ఒక్క ఫీడరే దోషి. దాన్ని పట్టుకోవడానికి 1వ ఫీడర్‌లో ఒక చుట్టుపాటు రంగు నూలు వేసి, గుడ్డలో ఆ రంగు వరస నుంచి చార దాకా లెక్కపెట్టండి. ముందు అక్కడి బిగువు చూడండి, తర్వాత కోన్ (నూలు కండె) మార్చి చూడండి. వేరే లాట్ నూలు కలిసిపోయినా ఇలాగే కనిపిస్తుంది. ఈ రెండూ సరిగ్గా ఉంటేనే కామ్ విప్పండి.

ఒకే ఫీడర్ వరసలో టక్‌లు చెదురుమదురుగా తప్పుతుంటే టక్ కామ్ ఎత్తు, లేదా వదులైన కామ్ స్క్రూ. ఒకే సూది మీద అన్ని రిపీట్లలోనూ తప్పుతుంటే లాచ్ బిగిసిపోయింది లేదా బట్ అరిగింది. ఫీడర్ ముక్కు సూదికి దూరమైతే పొట్టిగా లేచిన టక్ సూదులకే ముందు నూలు అందదు, నిట్ సూదులు బాగానే అందుకుంటాయి. అందుకే ప్లెయిన్‌లో కనిపించని ఫీడర్ లోపం లాకోస్ట్‌లో బయటికొస్తుంది.

బట్‌లు విరగడం మొదలైతే విరిగిన సూదులు మార్చుకుంటూ నడపకండి. ఒక బట్ ముక్క ట్రాకులో మిగిలితే తర్వాత వచ్చే ప్రతి బట్‌నూ అది కొడుతుంది. ఆ ట్రాకు మొత్తం వెతికి ముక్క తీయాలి. నూనె అందుతున్నదా, పీచు గడ్డకట్టిందా, కామ్ సందు సరిగ్గా ఉందా, ఈ మూడూ చూడాలి.

ఒక సూది మార్చాలంటే సూది గేటు దగ్గరికి దాన్ని ఇంచింగ్‌తో (మెషిన్‌ను కొంచెం కొంచెంగా కదిలిస్తూ) తీసుకురండి. గేటు కామ్ తీసి, సూదిని బట్ పట్టుకుని బయటికి లాగండి. కొత్తది అదే బట్ రకం కావాలి. నాలుగు రకాలూ చూపుకు ఒకేలా ఉంటాయి, పాత సూది పక్కన పెట్టి బట్ ఎత్తు సరిపోల్చండి. 1 బదులు 2 పడితే అక్కడ ‘అ’ జట్టు సూది ‘ఆ’ జట్టు పని చేస్తుంది, గుడ్డంతా ఒక నిలువు చార సాగుతుంది. పెట్టెలో మిగిలిన అదే బ్యాచ్ సూది ఉంటే అదే వాడండి. లాచ్ తెరిచి, పాత లూపును కొక్కెంలో వేసి, గేటు మూసి, రెండు చుట్లు చేత్తో తిప్పాకే స్విచ్ వేయండి.